దీపం లేని ఊళ్లు

ఊరు ఖాళీ అయిపోతుంది. గోడలు కూలిపోతాయి. జనం తలో దిక్కూ వెళ్లిపోతారు. అయినా కాగితాల్లో ఊరు అలాగే ఉంటుంది... పేరు, సర్వే నంబర్లు, సరిహద్దులతో సహా! అలాంటి ఊరికి రెవెన్యూ భాషలో ఓ మాటుంది. బేచిరాగ్. వేల దీపాలు వెలిగే ఖాజాగూడలో రాత్రిపూట గేటు కాసే ఒకాయనది అలాంటి ఊరే.

రాత్రి పదకొండు దాటింది. ఖాజాగూడ గుట్టల పక్క రోడ్డు మీద ఇంకా హారన్ల మోత తగ్గలేదు. నానక్‌రామ్‌గూడ వైపు నుంచి క్యాబులు, బైకులు... ఆఫీసుల నుంచి ఇళ్లకు వచ్చేవాళ్లు కొందరు, ఇళ్ల నుంచి ఆఫీసులకు బయల్దేరేవాళ్లు కొందరు. ఓ పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. నీలం చొక్కా, చేతిలో టార్చిలైటు, ఒళ్లో విజిటర్ల రిజిస్టరు. వయసు యాభై ఆరేడేళ్లు ఉంటుంది.

కాసేపటికోసారి తలెత్తి టవర్ వైపు చూస్తాడు. ఏ ఫ్లాట్‌లో దీపం ఎన్ని గంటలకు ఆరుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌కి చదివే పిల్లాడి గది రెండింటి దాకా వెలుగుతూనే ఉంటుంది. అమెరికా టైముకి పనిచేసే భార్యాభర్తల ఇంట్లో తెల్లారుజామున గానీ లైటు తీయరు. ఎవరింట్లోనైనా వేళ కాని వేళ దీపం వెలిగితే ఆయనకు కంగారు... ఒంట్లో బాగాలేదేమోనని.

ఆ అపార్ట్‌మెంట్లోనే ఉండే ఓ సాఫ్ట్‌వేర్ అమ్మాయి క్యాబ్ దిగింది. వస్తూ పోతూ పలకరించడం ఆమెకు అలవాటు. పండక్కి ఊరెళ్తున్నానని చెప్పి, 'మీరు వెళ్లరా అంకుల్? మీదే ఊరు?' అనడిగింది.

'కొల్లాపూర్ దిక్కు మేడం.'

'కొల్లాపూరేనా?'

'కాదు మేడం. ఆడికెల్లి ఇంకా అవతల. కృష్ణ ఒడ్డుకు. ఇప్పుడు లేదు.'

'ఊరు లేకపోవడమేంటి అంకుల్?'

'ఉంది మేడం. నీళ్లల్ల ఉంది.'

ఆ అమ్మాయికి ఏమనాలో తోచలేదు. 'గుడ్‌నైట్ అంకుల్' అని లిఫ్టు వైపు నడిచింది. ఆయన రిజిస్టరులో టైము రాసుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

చిరాగ్ లేని ఊరు

ఫారసీలో చిరాగ్ అంటే దీపం. 'బే' అంటే లేనిది. బేచిరాగ్ అంటే దీపం లేనిది. సాయంత్రమైతే ఒక్క ఇంట్లోనూ దీపం వెలగని ఊరన్నమాట. దక్కను పాలకుల కాలంలో రెవెన్యూ లెక్కల్లోకి వచ్చిన ఈ మాట నిజాం రాజ్యంలో స్థిరపడిపోయింది. తెలంగాణలోనే కాదు... ఒకప్పటి నిజాం రాజ్యంలో భాగమైన మరాఠ్వాడా, ఉత్తర కర్ణాటకల్లోనూ పాత రికార్డుల్లో ఈ మాట కనిపిస్తుంది. రాసింది పన్నులు వసూలు చేసే గుమాస్తాలు. కానీ మాట మాత్రం కవి రాసినట్టుంటుంది!

ఇంతకీ మనుషులే లేని ఊరిని రికార్డుల్లో ఎందుకు ఉంచుతారు? ఎందుకంటే సర్కారు లెక్కలో ఊరంటే ఇళ్లు కాదు, భూమి. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించారు. ఆ తర్వాత భూముల సర్వే మొదలైంది. ఊరూరికీ హద్దులు గీసి, చెక్కచెక్కకీ నంబరు వేశారు. జనం వెళ్లిపోయినా ఆ భూమి ఎక్కడికీ పోదు. పక్క ఊరి రైతులు వచ్చి దున్నుకుంటారు. వాళ్ల దగ్గర శిస్తు వసూలు చేయాలి. అందుకే ఊరి పేరు పక్కన 'బేచిరాగ్' అని రాసి రికార్డును అలాగే ఉంచేవారు.

జనాభా లెక్కల్లోనూ ఇదే పద్ధతి. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాలు 27,800. అందులో మనుషులు నివసిస్తున్నవి 26,286. అంటే, పదిహేను వందలకు పైగా ఊళ్లకు పేరుంది, కోడ్ నంబరుంది, విస్తీర్ణం ఉంది. జనాభా గడిలో మాత్రం సున్నా. అవన్నీ ఒకప్పుడు జనంతో కళకళలాడినవేనని చెప్పలేం. కొన్ని అడవులు, కొన్ని కంచెలు, కొన్ని వట్టి పొలాలు. కానీ కొన్నిటి వెనక మాత్రం కచ్చితంగా ఓ కథ ఉంటుంది.

పాటిమన్ను చెప్పే కథ

ఆ కథ కాగితాల కన్నా ముందు రైతుకు తెలుసు. పొలాల మధ్య ఒకచోట నేల కాస్త ఎత్తుగా ఉంటుంది. దున్నితే పెంకులు తేలతాయి. మట్టి బూడిదరంగులో మెత్తగా ఉంటుంది. దాన్ని పాటిగడ్డ అనో, పాటిదిబ్బ అనో పిలుస్తారు. పాటి అంటే పాత ఊరు ఉన్న చోటు. హైదరాబాదులోనే బేగంపేట పక్కన పాటిగడ్డ అనే బస్తీ ఉంది. రోజూ ఆ బోర్డు చూస్తూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు అర్థం తెలుసో!

ఆ మట్టికి రైతుల్లో గిరాకీ ఎక్కువ. ఎందుకంటే అది ఎన్నో తరాల జనం పొయ్యి బూడిద, పశువుల పేడ, తిని పారేసిన చెత్త... అన్నీ కలిసి మగ్గిన మట్టి. బండ్లకు బండ్లు తవ్వి పొలాలకు ఎరువుగా తోలేవారు. పాడుబడిన ఊరు అలా పక్క ఊరి పంటకు బలమైంది. తవ్వకాల్లో ఎన్నో పురావస్తువులు పోయిన మాటా నిజమే. అలాగే కొన్ని బయటపడిన మాటా నిజమే. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో ఓ పెద్ద దిబ్బను 1940లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వింది. కిందనుంచి ఏకంగా శాతవాహనుల కాలంనాటి పట్టణం, లెక్కలేనన్ని నాణేలు బయటపడ్డాయి. పైన మాత్రం మేకలు మేస్తూ ఉండేవి!

ఊళ్లు ఎందుకు పాడుబడతాయి? పెద్దల్ని అడిగితే ఒక్కో చోట ఒక్కో కారణం చెబుతారు. చెరువు కట్ట తెగింది. దొంగల దాడులు భరించలేకపోయారు. యుద్ధానికి వెళ్లే సైన్యం దారిలో పంటలు మేపేసింది. శిస్తు కట్టలేక రాత్రికి రాత్రి మూటాముల్లే సర్దుకున్నారు. గత్తర వచ్చింది. అన్నిటికన్నా పెద్ద కారణం కరవు. 1832-33లో వచ్చిన నందన కరవుకు ఒక్క గుంటూరు జిల్లాలోనే అయిదు లక్షల జనాభాలో లక్షన్నరకు పైగా చనిపోయారని అంచనా. 1876లో మొదలైన ధాత కరవు రాయలసీమను ఊడ్చేసింది. చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లు గంజి కేంద్రాలను వెతుక్కుంటూ వలసపోయారు. వెళ్లినవాళ్లలో అందరూ తిరిగి రాలేదు.

కల్నల్ కాలిన్ మెకంజీ ఈ ఊళ్ల కథలన్నీ రాయించాలని రెండు వందల ఏళ్ల కిందటే అనుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల బృందం ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను అడిగి రాయించిన కైఫీయత్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఫలానా వాళ్లు అడవి కొట్టి ఊరు కట్టించారు, ఫలానా దండయాత్రలో పాడైంది, మళ్లీ ఫలానా వాళ్లు వచ్చి జనాన్ని పిలిచి నిలబెట్టారు... ఒక్కో ఊరి కథా ఇలాగే నడుస్తుంది. అవి చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. ఊరు శాశ్వతం అనుకోవడం మన భ్రమ. అది పుడుతుంది, పోతుంది, మళ్లీ పుడుతుంది.

గొర్రెలు ఖాళీ చేయించాయి!

ఇది మన ఒక్కరి కథే కాదు. ఇంగ్లండులో మధ్యయుగాల్లో పాడుబడిన ఊళ్లు మూడు వేలదాకా ఉన్నాయంటే ఆశ్చర్యమే. వాటిలో అందరికీ తెలిసింది యార్క్‌షైర్‌లోని వార్రమ్ పెర్సీ. ఇప్పుడు వెళ్లి చూస్తే పచ్చిక మైదానం, అక్కడక్కడా మిట్టపల్లాలు, ఓ పక్కన పైకప్పులేని చర్చి. అంతే. ఆ మిట్టపల్లాలే ఒకప్పటి ఇళ్ల పునాదులు, వీధులు.

మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు, జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1950 నుంచి 1990 దాకా ప్రతి వేసవిలోనూ అక్కడ తవ్వకాలు జరిపారు. నలభై ఏళ్లు... ఒక్క చిన్న ఊరి కోసం! రాజుల కోటలు, బంగారు కిరీటాల కోసం కాదు. మామూలు రైతు ఎలాంటి ఇంట్లో ఉన్నాడు, ఏం తిన్నాడు, ఏ జబ్బులతో పోయాడు... అది తెలుసుకోవడానికి.

1348లో ఇంగ్లండును ముంచెత్తిన ప్లేగు మహమ్మారే ఈ ఊళ్లన్నిటినీ మింగేసిందని జనం అనుకునేవారు. తీరా చూస్తే చాలా ఊళ్లు ప్లేగును తట్టుకుని బతికాయి. జనం తగ్గారు గానీ ఊరు పోలేదు. చివరి దెబ్బ వేరేచోట తగిలింది. ఉన్నికి మంచి ధర వచ్చింది. పొలాలు కౌలుకిచ్చే కన్నా గొర్రెలు మేపుకుంటేనే లాభమని భూస్వాములు లెక్కేశారు. మిగిలిన కొద్ది కుటుంబాలనూ పంపించేసి పొలాలను పచ్చిక బీళ్లుగా మార్చేశారు. వార్రమ్ పెర్సీలో 1500 ప్రాంతంలో అదే జరిగింది. అంటే ఊరిని చంపింది రోగం కాదు... లెక్కల పుస్తకం!

విచిత్రమేమిటంటే, ఊరు పోయాక కూడా అక్కడి చర్చిలో ప్రార్థనలు కొన్ని వందల ఏళ్లు జరిగాయి. చుట్టుపక్కల వాళ్లు నడిచి వచ్చేవారు. మన దగ్గరా అంతే కదా! ఊరు లేచిపోయినా పొలాల మధ్య హనుమంతుడి గుడో, పోచమ్మ గుడో మిగులుతుంది. ఏడాదికోసారి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కోడిని కోసి, బోనం పెట్టి వెళ్తారు.

గుట్ట మీద గురువు

ఇంగ్లండులో ప్లేగు మొదలవడానికి సరిగ్గా ఏడాది ముందు, 1347లో, ఇక్కడ దక్కనులో బహమనీ రాజ్యం పుట్టింది. ఆ రాజ్యాన్ని స్థాపించిన అలావుద్దీన్ హసన్ బహ్మన్ షాకు గురువని చెప్పే హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉన్నది ఎక్కడో కాదు... ఖాజాగూడ గుట్టల మీదే. ఆ గుట్టకు ఫక్రుద్దీన్ గుట్ట అనే పేరు. అదే రాళ్ల మధ్య అనంత పద్మనాభస్వామి గుడి. ఊరి పేరులోనూ రెండు భాషలు పక్కపక్కనే ఉన్నాయి. ఖాజా ఫారసీ, గూడ తెలుగు.

ఆ రాళ్లను చూస్తే వార్రమ్ పెర్సీ వయసు చాలా చిన్నది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. మనుషుల ఆనవాళ్లూ తక్కువేం కాదు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో బృహత్‌శిలా యుగం నాటి సమాధులు బయటపడ్డాయి. గచ్చిబౌలిలో మనుషులు పునాదులు తవ్వడం మొదలుపెట్టింది ఐటీ కంపెనీల కోసం కాదన్నమాట!

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఊళ్ల తలరాత మారిపోయింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ, ఖాజాగూడ... అన్నీ నిన్నమొన్నటిదాకా జొన్నచేలు, మామిడితోటలు, చెరువులు, గొర్రెల మందలు ఉన్న పల్లెలే. గుట్టలను పేల్చి రోడ్లు వేశారు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడినప్పుడు శేరిలింగంపల్లి మున్సిపాలిటీ అందులో కలిసిపోయింది. 1996లో పుట్టిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' లాంటి సంస్థలు గొడవ చేయకపోతే ఈ రాళ్లు కూడా ఎప్పుడో కంకరగా మారిపోయేవేమో.

ఈ ఊళ్లను ఎవరూ ఖాళీ చేయించలేదు. కరవు రాలేదు, గత్తర రాలేదు. జనం తగ్గలేదు సరికదా వందల రెట్లు పెరిగారు. దీపాలకు కొదవే లేదు. కానీ పాత ఊరు ఏదని అడిగితే నాలుగు సందులు చూపిస్తారు. ఓ బొడ్రాయి, ఓ పోచమ్మ గుడి, ఆషాఢంలో బోనాలు. అంతవరకే ఊరు. మిగతాదంతా సిటీ. ఇంగ్లండులో ఊళ్లు గడ్డి కింద దాక్కున్నాయి. ఇక్కడ సిమెంటు కింద.

అయితే రికార్డు మాత్రం మరిచిపోలేదు. ఇక్కడ కోటి రూపాయలు పెట్టి ఫ్లాటు కొన్నవాళ్లు ఓసారి రిజిస్ట్రేషన్ కాగితం తీసి చూడాలి. టవర్ పేరు, ఫ్లాట్ నంబరు తర్వాత సర్వే నంబరు, ఆ తర్వాత 'గ్రామం' అని ఉంటుంది. రాయదుర్గం భూముల కాగితాల్లోనైతే ఇప్పటికీ రాయదుర్గం పైగా, రాయదుర్గం పాన్‌మక్తా, రాయదుర్గం నవ్‌ఖాల్సా అని రాస్తారు. పైగా నవాబులు పోయారు, మక్తాలు పోయాయి. పేర్లు మిగిలాయి. చెరువులూ అంతే. 2024 డిసెంబరు 31న ఖాజాగూడలో చెరువుల పరిధిలో ఉన్నాయంటూ హైడ్రా కొన్ని నిర్మాణాలను కూల్చినప్పుడు అక్కడ భగీరథమ్మ చెరువు, తౌతోనికుంట ఉన్నాయన్న సంగతి చాలామంది పేపర్లోనే చదివారు. కాగితం మీద గీసిన చెరువు గీతకు అంత బలం!

రాయి రాయికీ నంబరు

మరి నీళ్ల కిందికి పోయిన ఊళ్ల సంగతి?

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో అప్పటి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ నీటికి చోటివ్వడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు లేచిపోవాల్సి వచ్చింది. నిర్వాసితులు లక్ష మంది దాకా ఉంటారు. ఖాళీ చేయమని చెబుతూ వచ్చారు, జనం నమ్మలేదు. పరిహారం సరిపోదన్నారు, ఎక్కడికి పోవాలన్నారు. చివరికి 1981లో అధికారులు పోలీసులతో, బుల్‌డోజర్లతో వచ్చారు. ఇళ్లు కూల్చేశారు.

గేటు దగ్గరి పెద్దాయనకు అప్పుడు పన్నెండేళ్లు. ఆయనకు గుర్తున్నవి మూడే. నాన్న ఇంటి దర్వాజాను, దూలాలను ఊడదీసి బండికెత్తాడు. కలప విలువైంది కదా. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని లేవనంది. అవ్వ మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం గోడ గూట్లో ఎప్పటిలాగే దీపం పెట్టింది. తెల్లారి ఆ మట్టి దీపంతను కొంగులో చుట్టుకుని బండెక్కింది. కూలిన గోడల మీద ఆ గూడున్న గోడ ఒక్కటీ మిగిలి ఉండటం బండి మలుపు తిరిగేదాకా కనిపించింది.

అప్పట్లోనే మరో పని కూడా జరిగింది. మునిగిపోయే గుళ్లను కాపాడారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పదీసి ఆలంపురంలో మళ్లీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు. రాయి రాయికీ నంబరు వేసి, పడిన చోటు తప్పకుండా పేర్చారు. అంతకు ముందు నాగార్జునసాగర్ కట్టేటప్పుడూ అంతే. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయంతా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి, అనుపుకు చేర్చారు. మంచి పనే. అది చేయకపోతే మన చరిత్రలో పెద్ద అధ్యాయం పోయేది. కానీ 1981లో ఇళ్లకు నంబర్లు వేసింది మళ్లీ కట్టడానికి కాదు, పరిహారం లెక్క తేల్చడానికి. పదిహేడు వందల ఏళ్ల నాటి ఇంటి పునాదికి దక్కిన గౌరవం నిన్నటిదాకా పొయ్యి వెలిగిన ఇంటికి దక్కలేదు.

ఆ తర్వాత కథ పాలమూరులో చాలామందికి తెలిసిందే. పరిహారం అప్పులకు సరిపోయింది. పునరావాస కాలనీలో నాలుగేళ్లు. నాన్న పోయాడు. ఆయన మేస్త్రీ వెంట తట్ట మోయడానికి దేశాలు తిరిగాడు. మహారాష్ట్రలో కాలవలు తవ్వాడు. 1986లో శ్రీశైలం నిర్వాసిత కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామంటూ జీవో 98 వచ్చింది. దాని కోసం నిర్వాసితులు దశాబ్దాల తరబడి ధర్నాలు చేశారు. ఆయనా కాగితాలు పట్టుకుని ఓ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆ ఊరివాడినని రుజువు తెమ్మన్నారు. రుజువు చెప్పాల్సిన ఊరు నీళ్లలో ఉంది. విసిగి మానేశాడు.

పదిహేనేళ్ల కిందట హైదరాబాద్ వచ్చాడు. మొదట్లో కట్టే టవర్ దగ్గర కూలీ. ఇప్పుడు కట్టిన టవర్ దగ్గర కాపలా.

నీలి రంగులో ఒక చుక్క

ఎండాకాలం వస్తే శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గుతుంది. నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరంలో నెలల తరబడి నీళ్లలో ఉన్న శివాలయం బయటపడుతుంది. కాలుమోపే వీలుంటే చాలు, జనం బారులు తీరతారు. కొల్లాపూర్ వైపు కూడా అంతే. బురద ఎండి నెర్రెలు వారిన నేల మీద పాత ఊళ్ల పునాదులు తేలతాయి. బావి గట్లు, రాతి మెట్లు, మొండి గోడలు, రోళ్లు. ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఇది మా ఇల్లు, ఇది మీ కొట్టం అనుకుంటారు. అమ్మవారికి నైవేద్యం పెట్టి, అక్కడే వండుకు తిని సాయంత్రానికి వెళ్లిపోతారు.

ఆయన ఏటా రెండు రోజులు సెలవు పెట్టి వెళ్తాడు. కొడుకును రమ్మని ఎన్నోసార్లు అడిగాడు. ఆ కుర్రాడు ఫుడ్ డెలివరీ చేస్తాడు. హైదరాబాదులో సందు సందూ తెలుసు. 'ఆడ ఏముంది నాయినా చూడనీకి? రెండు రాళ్లు' అనేవాడు. దరఖాస్తుల్లో సొంతూరు అన్న చోట ఖాజాగూడ అని రాస్తాడు. తప్పేం లేదు. అతను పెరిగింది ఇక్కడే. కానీ ఆయనకు ఎక్కడో కలుక్కుమంటుంది. తనతోనే ఆ పేరు ఆఖరు.

మొన్నటి వేసవిలో కొడుకు వస్తానన్నాడు. ఎందుకో తెలీదు. బైకు మీద ఇద్దరూ వెళ్లారు. నీళ్లు బాగా తగ్గాయి. ఎండిన బురద మీద అరగంట నడిచాక ఆయన ఆగిపోయాడు. నడుం ఎత్తు మొండి గోడ. అందులో ఒక గూడు. నలభై నాలుగేళ్లు నీళ్లలో నానినా, చుట్టూ అన్నీ కొట్టుకుపోయినా, ఆ గోడ రాళ్లు కదల్లేదు. గూట్లో ఒండ్రుమట్టి పేరుకుంది. ఆయన వేళ్లతో అదంతా తీసేశాడు. సంచిలోంచి దీపంత తీశాడు. అవ్వ కొంగులో చుట్టుకొచ్చిందే. నూనె పోసి, వత్తి వేసి వెలిగించాడు. గాలికి ఆరిపోతుందని కొడుకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

కాసేపు ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు.

తర్వాత కొడుకు ఫోన్ తీశాడు. ఫొటో కోసమనుకున్నాడు ఆయన. కాదు. మ్యాప్ తెరిచాడు. నిలబడ్డ చోటు చూపించే చుక్క నీలి రంగు మధ్యలో ఉంది. మ్యాపుకు అది నది. ఊరూ లేదు, గోడా లేదు. డెలివరీ చేసేవాడు కదా, కొత్త చోటును గుర్తుపెట్టుకోవడం ఎలాగో అతనికి తెలుసు. ఆ చుక్క మీద వేలు నొక్కిపెట్టాడు. పేరు అడిగింది.

'నాయినా... ఊరి పేరు ఎట్ల రాస్తరు? చెప్పు' అన్నాడు.

ఆయన ఒక్కో అక్షరమే చెప్పాడు. కొడుకు టైపు చేసుకున్నాడు.